‘పర్మనెంట్‌గా సెట్ చేసెయ్’ అనే సలహా గురించి

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే డాక్యుమెంట్ ఒకటుంది. లాప్‌టాప్ చేతికి రాగానే దాన్ని తెరిచి, పైనుంచి కిందిదాకా చెప్పినట్టు చేసుకుంటూ పోవాలి. అందులో ‘సిస్టమ్ వేరియబుల్స్‌లో జావా_హోమ్‌ని జేడీకే 8 ఫోల్డర్‌కి పర్మనెంట్‌గా సెట్ చేయండి’ అని ఒక వాక్యం. (జేడీకే అంటే జావా ప్రోగ్రాములు తయారుచేసే సరంజామా, 8 దాని వెర్షన్. అది ఏ ఫోల్డర్‌లో ఉందో టూల్స్‌కి చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే పేరూ విలువా ఉన్న సెట్టింగ్, జావా_హోమ్.) ఈమధ్య చేరిన అమ్మాయి అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది. మా పాత సర్వీస్ చక్కగా బిల్డ్ అయింది, అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారైంది. తర్వాత కొత్త సర్వీస్ బిల్డ్ చేయబోతే ‘ఇన్‌వాలిడ్ టార్గెట్ రిలీజ్: 17’ అని, బిల్డ్ చేసే మేవెన్ అనే టూల్ ఆగిపోయింది. పక్క సీట్లో అబ్బాయి చూసి, “ఇంతేనా! జావా_హోమ్‌ని 17కి మార్చి పర్మనెంట్‌గా సెట్ చేసెయ్” అన్నాడు. మార్చింది. కొత్తది నడిచింది. సాయంత్రానికి పాతది పడిపోయింది. జావాఎక్స్ ఎక్స్‌ఎంఎల్ బైండ్ అనే ప్యాకేజీయే లేదంటుంది. “అన్నా, పొద్దున బిల్డ్ అయిన కోడ్‌లో నేను ఒక్క లైను కూడా ముట్టుకోలేదు. ఇప్పుడెందుకు ఫెయిలవుతోంది?” అని వచ్చి అడిగింది.

జవాబు నాకు తెలుసు. ఆ ప్యాకేజీని 2018లో జేడీకే 11 నుంచి తీసేశారు, 8లో ఉంటుంది, 17లో ఉండదు. కానీ ఆ అమ్మాయి అడిగింది అది కాదు. కోడ్ మారలేదు, పామ్ ఫైల్ (మేవెన్‌కి ప్రాజెక్టు వివరాలు చెప్పేది) మారలేదు, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో చూస్తే తేడా ఏమీ లేదు, అయినా ఫలితం మారింది. అంటే ఫలితాన్ని నిర్ణయించేది ఏదో ప్రాజెక్టుకి బయట ఉంది. దాన్ని మార్చమని చెప్పింది మనమే. మార్చినట్టు ఎక్కడా రాసి లేదు.

అప్పట్నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. బిల్డ్‌కి కావలసిన సంగతుల్ని మెషీన్ మొత్తానికీ పర్మనెంట్‌గా సెట్ చేయమనడం చెడ్డ సలహా అని నా అభిప్రాయం. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, ఆ నిమిషానికి పని కూడా జరుగుతుంది. కానీ ఇవాళ్టి ఎర్రర్ పోయి, ఆర్నెల్ల తర్వాత రాబోయే ఇంకో ఎర్రర్‌కి చోటు సిద్ధమవుతుంది. అది వచ్చేనాటికి ఈ సెట్టింగ్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు.

ఏ విండోలో అడిగితే ఆ జవాబు

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్ నాటినుంచీ ఉన్నాయి. పద్ధతి అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టేటప్పుడు తన దగ్గరున్న వేరియబుల్స్ జాబితాని కాపీ చేసి దాని చేతికిస్తుంది. జిరాక్స్ తీసి ఇచ్చినట్టన్నమాట. తర్వాత ఒరిజినల్‌లో ఎన్ని దిద్దుబాట్లు చేసినా, ఇదివరకే పంచిన జిరాక్సుల్లో అక్షరం మారదు.

ఈ ఒక్క సంగతి తెలియకపోతే ఎంత అయోమయంగా ఉంటుందో ఆ రోజు దగ్గర్నుంచి చూశాను. ఆ అమ్మాయి స్క్రీన్ మీద రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోలున్నాయి. రెండూ నల్లవే, రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఎడమదాంట్లో మేవెన్ వెర్షన్ అడిగితే జావా 8 అంటుంది, కుడిదాంట్లో అడిగితే 17 అంటుంది. ఒకటి సెట్టింగ్ మార్చకముందు తెరిచింది, రెండోది మార్చాక తెరిచింది. తేడా అంతే. కానీ అది చెప్పేవాళ్లు లేకపోతే లాప్‌టాప్‌లోనే ఏదో దోషం ఉందనుకోవడం సహజం. ఆ అమ్మాయి అప్పటికే ఒకసారి జేడీకే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకుంది.

విండోస్‌లో సెట్టింగ్ మార్చగానే ఆ కబురు తెరిచి ఉన్న విండోలన్నిటికీ వెళ్తుంది, కానీ వినేది ఎక్స్‌ప్లోరర్ లాంటివి కొన్నే. కమాండ్ ప్రాంప్ట్ వినదు. ఐడీఈ (కోడ్ రాసి నడిపే ప్రోగ్రామ్) పొద్దున్నే తెరిచి పెట్టుకుంటే, దాని లోపలి టెర్మినల్ ఎన్నిసార్లు మూసి తెరిచినా పొద్దుటి కాపీనే చూపిస్తుంది, ఎందుకంటే టెర్మినల్‌కి కాపీ ఇచ్చేది ఐడీఈ. దాన్నే మూసి తెరవాలి. ‘ఎందుకైనా మంచిది, ఒకసారి రీస్టార్ట్ చెయ్యి’ అనే సలహా పనిచేసేది ఇందుకే. పనిచేస్తుంది గనక ఎవరూ కారణం అడగరు.

లినక్స్‌లో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. ‘బాష్ఆర్‌సీ ఫైల్లో ఎక్స్‌పోర్ట్ లైను పెట్టెయ్, పర్మనెంట్ అయిపోతుంది’ అంటారు. (బాష్ అనే షెల్, అంటే కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రామ్, మొదలయ్యేటప్పుడు చదివే ఫైలు అది.) ఉబుంటు ఇచ్చే బాష్ఆర్‌సీ ఫైలు తెరిచి చూడండి. మొదట్లోనే, ఎదురుగా మనిషి కూర్చుని నడిపే షెల్ కాకపోతే ఇక్కడితో ఆగిపొమ్మని రాసి ఉంటుంది. మనం లైను చేర్చేది ఫైలు చివర. మనం లాగిన్ అయి చూస్తే అంతా బాగానే ఉంటుంది. బిల్డ్‌లని తనంతట తాను నడిపే జెంకిన్స్ అదే మెషీన్‌కి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) వచ్చి కమాండ్ నడిపితే ఆ లైనుదాకా పోనే పోదు. చెప్పిన వేళకి కమాండ్లు నడిపే క్రాన్ అసలు ఆ ఫైలే చదవదు. అడ్మిన్ హక్కుల కోసం సుడో ముందు పెట్టి నడిపితే, మామూలు సెట్టింగ్‌లో, మన వేరియబుల్స్‌లో చాలావాటిని వదిలేసి కొత్త జాబితాతో మొదలుపెడుతుంది. మ్యాక్‌లో డాక్ మీద నొక్కి తెరిచిన ఐడీఈకి, టెర్మినల్ కోసం మనం జెడ్ఎస్‌హెచ్‌ఆర్‌సీ ఫైల్లో రాసుకున్నవి, అది ప్రత్యేకంగా చదువుకుంటే తప్ప, అందవు. ఇన్నిచోట్ల ఇన్ని రకాలుగా ఉన్నదాన్ని ‘పర్మనెంట్’ అని ఎలా అంటాం?

అందుకే ఇలాంటి ఎర్రర్ వచ్చినప్పుడు సెట్టింగ్స్ డైలాగ్ తెరిచి చూడటం వల్ల ప్రయోజనం తక్కువ. అక్కడ ఉన్నది ఒరిజినల్. ఫెయిలైన బిల్డ్ దగ్గరున్నది కాపీ. ఏ విండోలో, ఏ జాబ్‌లో ఫెయిలైందో అక్కడే, ఆ కమాండ్‌కి ముందు లైనులో జాబితా ప్రింట్ చేయించి చూడాలి. విండోస్‌లో ‘సెట్’, లినక్స్‌లో ‘ఎన్వ్’. (జెంకిన్స్ లాగ్‌లో ఇలా ప్రింట్ చేసేటప్పుడు పాస్‌వర్డ్‌లు, టోకెన్లు కూడా బయటపడొచ్చు, ఆ లాగ్ ఎవరెవరు చూడగలరో ముందు చూసుకోండి.) ప్రింట్ చేసేటప్పుడు విలువకి అటూ ఇటూ స్క్వేర్ బ్రాకెట్లు పెట్టడం నాకు అలవాటు. కమాండ్ ప్రాంప్ట్‌లో జావా_హోమ్ సెట్ చేసి, స్పేస్ ఇచ్చి, రెండు యాంపర్‌సాండ్‌లు పెట్టి, అదే లైనులో మేవెన్ నడిపేవాళ్లున్నారు. ఆ స్పేస్ కూడా విలువలో కలిసిపోతుంది. కంటికి కనబడదు. బ్రాకెట్ ముందు ఖాళీ ఉందంటే దొరికిపోతుంది.

పాత్ ఒక మాట, జావా_హోమ్ ఒక మాట

‘జావా -వెర్షన్ కొడితే 17 అనే వస్తోంది, మరి మేవెన్ ఎందుకు 8 అంటోంది?’ అని చాలామంది తల పట్టుకుంటారు. ఆ రెండూ వేర్వేరు చోట్ల చూస్తాయి. మనం జావా అని టైప్ చేస్తే పాత్‌లో (కమాండ్లని వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) జావా ఉన్న ఏ ఫోల్డర్ ముందుంటే అందులోది నడుస్తుంది. మేవెన్ జావా_హోమ్ ఉంటే దాన్నే నమ్ముతుంది. ‘జావా -వెర్షన్’ అనేది మేవెన్ ఎర్రర్‌కి సాక్ష్యం కాదు. మేవెన్‌ని అడగాలంటే ‘ఎమ్‌వీఎన్ -వీ’ అనాలి. అది ఏ జావా, ఎక్కడుంది, లొకేల్ (భాష, ప్రాంతం) ఏమిటి, ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఏమిటి అన్నీ అయిదు లైన్లలో చెబుతుంది. ఎవరైనా సాయం అడిగితే నేను ముందు అడిగేది ఆ అయిదు లైన్లే.

విండోస్‌లో పాత్ దగ్గర ఇంకో ముడి ఉంది. సిస్టమ్ పాత్ ముందు వస్తుంది, యూజర్ పాత్ దాని తర్వాత అతుక్కుంటుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులు లేనివాళ్లు యూజర్ పాత్‌లో ఎంత ముందు పెట్టుకున్నా, సిస్టమ్ పాత్‌లో పాత జావా ఉంటే అదే గెలుస్తుంది. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ ‘జావాపాత్’ అనే ఫోల్డర్‌ని సిస్టమ్ పాత్‌లో ముందుకి చేరుస్తుంది, కాబట్టి ఇది అరుదుగా జరిగేదేమీ కాదు. వేర్ కమాండ్‌తో జావా ఎక్కడెక్కడ ఉందో అడిగితే వరసగా అన్నీ చూపిస్తుంది. రెండు మూడు కనబడ్డాయంటే కథ అక్కడే ఉందని అర్థం.

ఇక ‘సెట్‌ఎక్స్’, విండోస్‌లో వేరియబుల్‌ని పర్మనెంట్‌గా పెట్టే కమాండ్. పాత్‌కి కొత్త ఫోల్డర్ చేర్చడానికి, ఉన్న పాత్‌నే ముందు పెట్టి సెట్‌ఎక్స్ కొట్టమని చెప్పే చిట్కాలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. అది 1024 అక్షరాలు దాటినదాన్ని కత్తిరించేస్తుంది. పైగా అప్పటికి విండోలో ఉన్న పాత్ అంటే సిస్టమ్‌దీ యూజర్‌దీ కలిసిన పాత్. ఆ మొత్తం యూజర్ పాత్‌లోకి వెళ్లి పడుతుంది, తోక తెగి మరీ. చివర్లో ఉన్న గిట్టో, నోడో, పైథానో ఆ తర్వాత కనబడకుండా పోతాయి. జావా ఒక్కదాన్ని బాగుచేయబోతే మొదటికే మోసం వస్తుంది. ఇది చేసినవాళ్లని నేను తప్పుపట్టను. పర్మనెంట్‌గా చేయాలి అన్నారు కాబట్టే వాళ్లు ఆ కమాండ్ వెతుక్కున్నారు.

‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61’ అని గ్రేడిల్ (మేవెన్ లాంటిదే ఇంకో బిల్డ్ టూల్) అన్నప్పుడు, 61 అంటే జావా 17 అని తెలిసినవాళ్లకి విషయం వెంటనే అర్థమవుతుంది (52 అంటే 8, 55 అంటే 11, 65 అంటే 21). తెలియనివాళ్లు క్లాస్ ఫైల్ పాడైపోయిందనుకుంటారు, బిల్డ్ ఫోల్డర్ డిలీట్ చేస్తారు, కాషే అంతా తుడిచేసి డిపెండెన్సీలన్నీ మళ్లీ దించుకుంటారు. ఎర్రర్ మెసేజ్ నిజమే చెప్పింది, కానీ దానికి కారణమైన వేరియబుల్ పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు.

తెలుగు అక్షరాల మీద పడ్డ దెబ్బ

నన్ను ఈ అభిప్రాయానికి గట్టిగా తెచ్చింది జావా_హోమ్ కాదు, ఎన్‌కోడింగ్. రసీదులు ప్రింట్ చేసే ఒక చిన్న అప్లికేషన్‌లో లేబుల్స్ తెలుగులోనే జావా ఫైళ్లలో రాసి ఉన్నాయి. జేడీకే 11. లినక్స్ డెస్క్‌టాప్‌లో బాగానే ఉంది. డాకర్ కంటెయినర్‌లో (తన సొంత సెట్టింగ్స్‌తో విడిగా నడిచే పెట్టె లాంటిది) బిల్డ్ చేస్తే ప్రతి తెలుగు అక్షరం దగ్గరా ‘అన్‌మ్యాపబుల్ క్యారెక్టర్’ అని ఎర్రర్, దాంతోపాటు ఈ0 అనే బైట్ విలువ. అన్ని భాషలూ రాయగలిగే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరం ఏదైనా మూడు బైట్లు, మొదటి బైట్ ఎప్పుడూ ఈ0. కంటెయినర్‌లో భాషనీ ఎన్‌కోడింగ్‌నీ చెప్పే ల్యాంగ్ వేరియబుల్ సెట్ చేసి లేదు. లేనప్పుడు లొకేల్ పోసిక్స్ (ఏ భాషా చెప్పనప్పటి డిఫాల్ట్) అవుతుంది, ఆ జేడీకే దాన్ని చూసి సోర్స్ అంతా ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలే ఉన్న ఎన్‌కోడింగ్) అనుకుంటుంది, తెలుగు మొదటి బైటుకే ఆగిపోతుంది.

అదే కోడ్ విండోస్ లాప్‌టాప్‌లో ఇంకా విచిత్రంగా ప్రవర్తించింది. అక్కడ ఎన్‌కోడింగ్ విండోస్-1252. ‘చెల్లింపు’, ‘రసీదు’ అన్న మాటల దగ్గర ఎర్రర్ ఇచ్చింది. ‘బాకీ’, ‘తేదీ’ దగ్గర ఏమీ అనలేదు. ఎందుకో కూర్చుని బైట్లు రాసుకుంటే తేలింది. 1252లో అయిదు బైట్ విలువలకి అక్షరాలే లేవు. మన పొల్లు చివరి బైట్ 8డీ, ఉకారం కొమ్ము చివరి బైట్ 81, రెండూ ఆ అయిదింట్లోవే. కాబట్టి ఒత్తున్న మాటా, కొమ్మున్న మాటా పట్టుబడతాయి. ‘బాకీ’లో అవేవీ లేవు, అందుకని ఆ మాట నిక్షేపంగా కంపైలై, ప్రింటయ్యేటప్పుడు టోపీ పెట్టినట్టున్న ఇంగ్లిష్ అక్షరాలూ డిగ్రీ గుర్తులూ అయిపోతుంది. ఎర్రర్ వచ్చిన మాటల్ని మాత్రమే యూనికోడ్ కోడ్‌లుగా మార్చి సరిపెట్టుకుంటే, మిగిలినవి రసీదు మీద చెత్తగా కనబడేదాకా ఎవరికీ తెలియదు.

ఇక్కడ కూడా వినబడే సలహా అదే. కంటెయినర్‌లో ల్యాంగ్ పెట్టు, విండోస్‌లో జావా_టూల్_ఆప్షన్స్ అనే వేరియబుల్‌లో ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పర్మనెంట్‌గా పెట్టు. పెట్టొచ్చు. కానీ ఆ రెండో వేరియబుల్ ఉంటే ఆ మెషీన్ మీద నడిచే ప్రతి జావా ప్రోగ్రామూ మొదట ‘పిక్డ్ అప్ జావా_టూల్_ఆప్షన్స్’ అని ఒక లైను కక్కుతుంది. జావా వెర్షన్ కనుక్కోవడానికి మొదటి లైను చదివే స్క్రిప్టులకి వెర్షన్ బదులు ఆ లైను దొరుకుతుంది. తెలుగుతో ఏ సంబంధమూ లేని ఇంకో ప్రాజెక్టు అలా ఆగిపోతుంది.

అసలు మందు పామ్ ఫైల్లో ఒక్క లైను, సోర్స్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని. ఆ లైను లేనంతకాలం మేవెన్ ప్రతి బిల్డ్‌లోనూ హెచ్చరిస్తూనే ఉంటుంది, ‘ప్లాట్‌ఫామ్ ఎన్‌కోడింగ్ వాడుతున్నాను, ఈ బిల్డ్ ప్లాట్‌ఫామ్ మీద ఆధారపడి ఉంది’ అనే అర్థంలో, చివర ఆశ్చర్యార్థకం పెట్టి మరీ. 2022 మార్చిలో వచ్చిన జేడీకే 18 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేశారు, అందుకు సంతోషమే. కానీ 8, 11, 17 మీద నడిచే ప్రాజెక్టులు మన చుట్టూ ఇంకా చాలా ఉన్నాయి. ఆ ఒక్క లైను గిట్‌లో ఉంటే, ప్రాజెక్టు ఎక్కడికి వెళ్తే అక్కడికి తెలుగు క్షేమంగా వెళ్తుంది.

జావాకే పరిమితం కాదు

నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) వాడేవాళ్లకి 2021 అక్టోబరు గుర్తుండే ఉంటుంది. నోడ్ 17 ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీతో వచ్చింది, పాత వెబ్‌ప్యాక్ (వెబ్ ప్రాజెక్టుల బిల్డ్ టూల్) ఉన్న ప్రాజెక్టులు ‘డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్’ అని కూలిపోయాయి. నోడ్_ఆప్షన్స్‌లో లెగసీ ప్రొవైడర్ అనే ఆప్షన్ పెట్టమని అందరూ అందరికీ చెప్పారు. చాలామంది దాన్ని తమ ప్రొఫైల్ ఫైల్లో పెట్టేసుకున్నారు. తర్వాత ఇంకో ప్రాజెక్టు కోసం నోడ్ 16కి మారితే, బిల్డ్ సంగతి దేవుడెరుగు, నోడే మొదలవదు. ఆ ఆప్షన్‌ని నోడ్_ఆప్షన్స్‌లో అనుమతించనని మొహం మీదే చెబుతుంది.

నోడ్_ఎన్వ్‌ని ప్రొడక్షన్ అని పెట్టి మరచిపోతే నోడ్ ప్యాకేజీలు దించే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ డెవ్ డిపెండెన్సీల్ని దించదు. బిల్డ్ చేస్తే వెబ్‌ప్యాక్ అనే కమాండే లేదంటుంది. ప్యాకేజ్ ఫైల్లో చూస్తే వెబ్‌ప్యాక్ కళ్లెదురుగా ఉంటుంది. సీ, సీ++ ప్రాజెక్టుల్ని బిల్డ్‌కి సిద్ధం చేసే సీమేక్‌ది ఇంకో దారి: సీసీ వేరియబుల్‌లో చెప్పిన కంపైలర్‌ని మొదటిసారి కాన్ఫిగర్ చేసినప్పుడే చూసి కాషే ఫైల్లో రాసుకుంటుంది. ఆ తర్వాత వేరియబుల్ మార్చినా పట్టించుకోదు. సరైన విలువ పెట్టి కూడా తప్పు ఫలితం చూస్తూ, తను పెట్టిన విలువే తప్పేమో అని మార్చి మార్చి పెట్టేవాళ్లని చూశాను. బిల్డ్ ఫోల్డర్ కొత్తది తీసుకుంటే పోయేదానికి!

ఎదురుగా నిలబడే మాటలు

ఈ వాదన మా మిత్రుల దగ్గర పెడితే మొదట వచ్చే అభ్యంతరం నేర్చుకునేవాళ్ల గురించి. హైదరాబాద్‌లో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకుని ఉద్యోగాల్లోకి వచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. మొదటి క్లాసులో మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని చెప్పి పాత్ సెట్ చేయించడమే ఆనవాయితీ. ‘మొదటి రోజే ప్రాసెస్ అంటే ఏమిటో చెబుతూ కూర్చుంటే హలో వరల్డ్ ఎప్పుడు నడుపుతారు? ముందు పని కానివ్వాలి, అర్థం తర్వాత వస్తుంది’ అంటారు. ఈ మాటలో బలముందని ఒప్పుకుంటాను. మొదటి రోజే నల్లతెర మీద ఎర్రర్ చూసి భయపడి మానేసినవాళ్లు కూడా ఉన్నారు.

కానీ అర్థం తర్వాత వస్తుందనేది చాలాసార్లు జరగదు. జావా తన క్లాసుల్ని ఎక్కడ వెతకాలో చెప్పే క్లాస్‌పాత్ సంగతే తీసుకోండి. సర్వ్‌లెట్ క్లాసు రోజున సర్వ్‌లెట్ జార్‌ని క్లాస్‌పాత్ వేరియబుల్‌లో పర్మనెంట్‌గా పెట్టమంటారు. పెడతారు. క్లాస్‌పాత్ అనే వేరియబుల్ ఉంటే, అందులో చుక్క చేరిస్తే తప్ప జావా ఇప్పుడున్న ఫోల్డర్‌ని చూడదు. దాంతో నిన్నటిదాకా నడిచిన హలో వరల్డ్ ఇవాళ ‘మెయిన్ క్లాస్ దొరకలేదు’ అంటుంది. నేర్చుకునే మనిషికి తన కోడ్ మీదే అనుమానం వస్తుంది. అదే జార్‌ని ఆ ఒక్క కమాండ్‌కి మాత్రం ఇచ్చి ఉంటే నిన్నటి పాఠం నిన్నటిలాగే నడిచేది. టెర్మినల్‌లో ఆ విండోకి మాత్రం సెట్ చేయించడం డైలాగ్ తెరవడం కంటే కష్టమేమీ కాదు. మూసేస్తే పోతుంది, తెరిస్తే మళ్లీ పెట్టాలి. మూసేస్తే పోవడమే అందులో పాఠం అంటాను.

రెండో అభ్యంతరం పెద్దవాళ్లది. హెరోకు అనే క్లౌడ్ కంపెనీ మనుషులు 2011 ప్రాంతంలో రాసిన ట్వెల్వ్-ఫ్యాక్టర్ సూత్రాలు కాన్ఫిగరేషన్‌ని ఎన్విరాన్‌మెంట్‌లోనే పెట్టమన్నాయి కదా, నువ్వేమిటి తీసేయమంటున్నావు అని. అక్కడ మాట్లాడుతున్నది నడిచే అప్లికేషన్ గురించి. డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్, టెస్టింగ్‌కీ ప్రొడక్షన్‌కీ మారేవి. అవి కోడ్‌లో ఉండకూడదు, నిజమే. పైగా ఆ సూత్రాల్లో ఎక్కడా నీ లాప్‌టాప్ మొత్తానికీ ఒకే విలువ పెట్టుకోమని లేదు. ఏ జావాతో కంపైల్ చేయాలనేది టెస్టింగ్‌కీ ప్రొడక్షన్‌కీ మారేది కాదు. మారితేనే ప్రమాదం.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ప్రాజెక్టులోనే అన్నీ రాయడానికి ఎస్‌డీకే మ్యాన్ (జావా వెర్షన్లు మార్చేది), ఎన్‌వీఎమ్ (నోడ్ వెర్షన్లు మార్చేది), డైరెన్వ్ (ఫోల్డర్‌ని బట్టి వేరియబుల్స్ మార్చేది) లాంటివి తెచ్చుకుంటే, అవి చేసేది కూడా వేరియబుల్స్ మార్చడమే కదా, ఇంకో పొర పెరిగింది తప్ప ఏం ఒరిగింది అని. ఇది పూర్తిగా కొట్టిపారేయలేను. ఎస్‌డీకే మ్యాన్ పెట్టిన జావా టెర్మినల్‌లో ఒకటి, ఐడీఈ తన సెట్టింగ్స్‌లో పెట్టుకున్న గ్రేడిల్ జేవీఎమ్ (గ్రేడిల్‌ని నడిపే జావా) ఇంకొకటి అయ్యి, ఎవరి గోల వారిదిగా ఉండే సందర్భాలు చూస్తూనే ఉన్నాను. అయినా ఒక తేడా ఉంది. ఎస్‌డీకే మ్యాన్ ఫైలో, ఎన్‌వీఎమ్ ఫైలో ప్రాజెక్టు ఫోల్డర్‌లో, గిట్‌లో ఉంటుంది. ఎవరు ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. సిస్టమ్ వేరియబుల్స్ డైలాగ్‌కి గిట్ లాగ్ లేదు.

ఒక్క వేరియబుల్‌లో రెండు ప్రశ్నలు

ఇవన్నీ వింటూ ఆలోచిస్తే జావా_హోమ్ ఎందుకింత ఇబ్బంది పెడుతుందో నాకు తేటపడింది. అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ ప్రాజెక్టుకి ఏ జావా కావాలి అనేది ఒకటి. ఆ జావా ఈ మెషీన్‌లో ఎక్కడుంది అనేది రెండోది. మొదటిదానికి జవాబు ప్రాజెక్టుకి తెలుసు, టీమ్‌లో అందరికీ ఒకటే. రెండోదానికి జవాబు మెషీన్‌కి తెలుసు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఫోల్డర్. రెండిటికీ ఒకే పెట్టె ఇచ్చి, ఆ పెట్టెని మెషీన్‌లో పెట్టాం కాబట్టి రెండు ప్రాజెక్టులు ఉన్న మనిషి ఎప్పుడూ ఒకదానికి అన్యాయం చేయాల్సిందే.

టూల్‌చెయిన్స్ అనే ఏర్పాటు ఈ రెండిటినీ విడదీస్తుంది. మేవెన్‌లో ఎప్పట్నుంచో ఉంది. పామ్ ఫైల్లో ‘నాకు 17 కావాలి’ అని ఉంటుంది, మన హోమ్ ఫోల్డర్‌లోని టూల్‌చెయిన్స్ ఫైల్లో ‘17 ఇక్కడుంది, 8 ఇక్కడుంది’ అని ఉంటుంది. గ్రేడిల్‌లో 2020లో 6.7తో వచ్చింది. మెషీన్‌లో ఉన్న జేడీకేలని అదే వెతుక్కుంటుంది, లేకపోతే ప్లగిన్ సాయంతో దించుకుంటుంది. మా పాత సర్వీస్‌లో, కొత్తదాంట్లో ఇలా చెరొక ముక్క రాశాక, రెండూ ఒకే విండోలో ఒకదాని తర్వాత ఒకటి, జావా_హోమ్ ముట్టుకోకుండా బిల్డ్ అవుతున్నాయి.

దీనికీ హద్దుంది. గ్రేడిల్ తాను నడవడానికి ఒక జావా కావాలి, అది జావా_హోమ్‌లోంచో పాత్‌లోంచో రావాలి. గ్రేడిల్ 9కైతే కనీసం 17 ఉండాలి. అయితే ఇప్పుడు ఆ జావా టూల్‌ని నడపడానికే, కోడ్‌ని ఏ జావాతో కంపైల్ చేయాలో అది నిర్ణయించదు. అందులో ఏదైనా తేడా వచ్చినా టూల్ మొదట్లోనే ఆగుతుంది, కోడ్ మీద అనుమానం రాదు.

పర్మనెంట్ అనుకున్నవి ఎంతకాలం నిలుస్తాయో టూల్స్ చరిత్రే చెబుతుంది. మేవెన్ ఉన్న ఫోల్డర్‌ని చూపించే ఎం2_హోమ్‌ని 2017లో మేవెన్ 3.5.0 పక్కన పెట్టేసింది, ఇప్పటికీ దాన్ని సెట్ చేయమనే నోట్స్ తిరుగుతున్నాయి. ఆండ్రాయిడ్_హోమ్ వద్దు, ఆండ్రాయిడ్_ఎస్‌డీకే_రూట్ వాడండి అన్నారు. కొన్నేళ్లకి ఆ రెండోదే వద్దు, మొదటిదే వాడండి అన్నారు. రెండూ చెరొక ఫోల్డర్‌ని చూపిస్తూ మిగిలిపోయిన లాప్‌టాప్‌లు నాకు తెలుసు. గోపాత్ సెట్ చేయనిదే గో భాష నేర్చుకోలేని రోజులు పోయి చాలాకాలమైంది. 2021లో గో 1.16 నుంచి మాడ్యూల్సే డిఫాల్ట్. ప్రాజెక్టులో రాసుకున్నది పాతబడితే ప్రాజెక్టుతోపాటు సరిదిద్దుతాం. మెషీన్‌లో పెట్టినది పాతబడితే చూసేవాళ్లే ఉండరు.

ప్రాక్సీ దగ్గర

నేను ఇంకా ఒక దారికి రాలేకపోయింది ప్రాక్సీ విషయంలో. ఆఫీసు నెట్‌వర్క్‌లో బయటికి వెళ్లాలంటే ప్రాక్సీ (ఇంటర్నెట్‌కి మధ్యవర్తిగా ఉండే సర్వర్) కావాలి, అది ప్రాజెక్టుది కాదు, కచ్చితంగా మెషీన్‌దే, ఆ నెట్‌వర్క్‌దే. కాబట్టి నా లెక్క ప్రకారం మెషీన్ వేరియబుల్‌లోనే ఉండాలి. ఉంటే కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు దించే కమాండ్), గిట్, ఎన్‌పీఎమ్ చదువుకుంటాయి. కర్ల్ అయితే హెచ్‌టీటీపీ_ప్రాక్సీ అనే పేరు చిన్న అక్షరాల్లో ఉంటేనే తీసుకుంటుంది, పెద్ద అక్షరాల్లో ఉంటే భద్రత కోసం కావాలనే వదిలేస్తుంది. జేవీఎమ్ మాత్రం తనంతట తాను ఈ వేరియబుల్స్‌ని చూడదు. మేవెన్‌కి సెట్టింగ్స్ ఫైల్లో వేరుగా రాయాలి, గ్రేడిల్‌కి హోమ్ ఫోల్డర్‌లోని గ్రేడిల్ ప్రాపర్టీస్‌లో వేరుగా రాయాలి. అంటే ఒకే సమాచారం మూడుచోట్ల. ఇంట్లోంచి పనిచేసే రోజు ఆ మూడూ అడ్డం పడతాయి, ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తుంది, చూసినవాళ్లు నెట్ బాగోలేదనుకుంటారు. టూల్‌చెయిన్స్ తనంతట తాను జేడీకే దించుకుంటుందన్న సౌకర్యం కూడా ఇక్కడికి వచ్చేసరికి పనిచేయదు. మా ఆఫీసులో ప్రస్తుతానికి జేడీకేలని లోపలి సర్వర్‌లో ఉంచుకుని అక్కణ్నుంచి ఇన్‌స్టాల్ చేసుకుంటున్నాం. ప్రాక్సీని ఒకేచోట రాసి అన్ని టూల్స్ చేతా చదివించే పద్ధతి మీలో ఎవరైనా నిజంగా వాడుతుంటే, ఏ నెట్‌వర్క్‌లో ఎలా పెట్టారో వివరంగా రాయండి. మా దగ్గర అలాగే పెట్టి చూస్తాను.